మందువ్యాను బాషా

చీరాల నాటక సమాజం మూతపడేనాటికి జాన్ బాషాకి ముప్పై దాటాయి. అప్పటిదాకా అతనికి తెలిసిన పని ఒక్కటే, జనాన్ని నవ్వించడం. పద్యాలు పాడే పెద్ద నటులు లోపల గొంతు సవరించుకునే కాస్త వ్యవధిలో స్టేజి మీదికొచ్చి, కోడిలా కూసి, తహసీల్దారులా దగ్గి, రైలు స్టేషన్లో ఆగుతున్నట్టు నోటితో చప్పుడు చేసి వెళ్ళిపోయేవాడు. జనం ఈలలు వేసేవాళ్ళు. ఊరూరా టూరింగ్ టాకీసుల డేరాలు లేచాక ఆ ఈలలు అటు మళ్ళాయి. సమాజం వాళ్ళు తెరలూ కిరీటాలూ ఎవరికో అమ్మేసుకుని ఎవరిదారిన వాళ్ళు పోయారు.

బాషా కాపురం వేటపాలెంలో. భార్య జోహరాబీ జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టేది. జీడినూనె తగిలి ఆమె వేళ్ళు నల్లబడి, చివర్లు పెచ్చులు లేచి ఉండేవి. కూర కలుపుకుంటే మంటని గరిటెతో అన్నం తినేది. ఆ గరిటె చప్పుడు వింటూ ఎదురుగా కూర్చుని తినడం బాషాకి కష్టంగా ఉండేది.

సమాజంలో హార్మోనియం వాయించిన జయరావు అతనికి ప్రాణ స్నేహితుడు. మార్టూరు పక్కన పల్లె. చర్చిలో పాటలు వాయిస్తూ నేర్చుకున్న చెయ్యి. పని పోయాక ఇద్దరూ కలిసే తిరిగారు. ఒక్క విద్యతో లాభం లేదని ఇద్దరికీ త్వరగానే అర్థమైంది. జయరావు బాషాకి హార్మోనియం నేర్పాడు. బాషా జయరావుకి గొంతులు మార్చి మాట్లాడటం నేర్పాడు. ఇద్దరూ చీరాలలో ఒక పెయింటరు దగ్గర చేరి బోర్డులు రాయడం, ట్రంకుపెట్టెల మీద గులాబీలు వెయ్యడం నేర్చుకున్నారు. అయినా ఎక్కడికెళ్ళినా వాళ్ళకంటే ముందే నలుగురు కూర్చుని ఉండేవాళ్ళు. మూతపడ్డ సమాజం వాళ్ళదొక్కటే కాదు మరి.

అలాంటి రోజుల్లో గుంటూరులో ఒక పురుగుమందుల ఏజెన్సీ వాళ్ళు కొత్తగా వ్యాను కొన్నారని, ఊరూరా తిరిగి రైతులకి మందు గురించి చెప్పే కళాకారుడు కావాలంటున్నారని తెలిసింది. నెలజీతం ఉద్యోగం. ఇద్దరూ రైలెక్కి వెళ్ళారు. ఏజెన్సీ వసారాలో బెంచీలు నిండి ఉన్నాయి. బుర్రకథలవాళ్ళు, తోలుబొమ్మలవాళ్ళు, పెళ్ళిళ్ళలో బ్యాండు వాయించేవాళ్ళు. ఒకాయన హరికథ చెప్పే దుస్తులతోనే వచ్చేశాడు.

మేనేజరు దానయ్య గారు అందరివీ ఓపిగ్గా విన్నారు. సన్నటి మనిషి, మెత్తటి మాట. చివరికి వసారాలోకి వచ్చి నిలబడ్డారు.

"బాగా పాడారండీ అందరూ. కానీ రైతు పాట విని ఇంటికెళ్ళిపోతాడు, సీసా కొనడు. ఎందుకని? సీసా మీద పుర్రె బొమ్మ ఉంది. వాడికి భయం. ఆ భయం తీసేసేవాడు కావాలి నాకు. తొలకరికి ముందు రండి. ఎవరు తీసేస్తే వాడిదే ఉద్యోగం."

తిరుగు రైల్లో జయరావు హుషారుగా ఉన్నాడు. "పాట కడతాన్రా బాషా. పురుగు ఏడుస్తున్నట్టు, రైతు నవ్వుతున్నట్టు. నువ్వు ఇచ్చిన గొంతే, పురుగుకి పెడతా."

బాషా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అతని మనసు పాట మీద లేదు. చిన్నప్పుడు సింగరాయకొండ తిరునాళ్ళలో చూసిన ఖాదర్ వలి గుర్తొచ్చాడు. ఖాదర్ వలి కనికట్టు మనిషి. మంట మింగేవాడు, మేకులు మింగేవాడు, మింగినవి నీ చెవిలోంచి తీసి నీ చేతిలోనే పెట్టేవాడు.

వెతుక్కుంటూ వెళ్తే ఖాదర్ వలి ఇంకా ఉన్నాడు. ముసలివాడైపోయాడు. సింగరాయకొండ స్టేషను వెనక పాకలో పడుకుని ఉన్నాడు. వేళ్ళు మాత్రం ముసలివి కాలేదు. బాషా తనకేం కావాలో చెప్పాడు. అందరూ చూస్తుండగా ఒక గ్లాసు మాయమై, అచ్చం అలాంటిదే మరో గ్లాసు దాని చోటికి రావాలి.

"దేనికిరా ఇది నీకు?" అన్నాడు ఖాదర్ వలి.

"నాటకంలోకి చిచ్చా. రాజుకి విషం పెట్టే సీనుంది."

ముసలాయన అతని మొహంలోకి కాసేపు చూశాడు. "ఏ నాటకం? ఇప్పుడు నాటకాలెక్కడున్నాయి?"

"కొత్తగా కడుతున్నారు."

"నాటకమైతే సరే," అని లేచి కూర్చున్నాడు.

వేసవంతా బాషా అక్కడే ఉన్నాడు. ముసలాయనకి వండిపెట్టాడు, బట్టలు ఉతికాడు. బల్ల వెనక చిన్న అర ఎలా అమర్చాలో, రుమాలు ఎప్పుడు విదిలించాలో, చెయ్యి పని చేస్తున్నప్పుడు జనం కళ్ళు మాటతో ఎటు లాక్కెళ్ళాలో నేర్చుకున్నాడు. ఆ మాటలు అతనికి కొత్త కాదు. కోడికూతకి నవ్వే మనిషి చెయ్యి వైపు చూడడని అతనికి ఎప్పుడో తెలుసు.

తొలకరికి ముందు ఏజెన్సీలో దానయ్య గారి ఎదుట బాషా తన విద్య చూపించాడు. గాజుగ్లాసులో నీళ్ళు పోశాడు. పుర్రె బొమ్మ సీసా మూత తీసి మందు ఒంపాడు. నీళ్ళు పాలలా తెల్లగా విరిశాయి. గదంతా ఘాటు వాసన కమ్ముకుంది. రుమాలు కప్పాడు, ఏదో చమత్కారం ఆడాడు, రుమాలు తీశాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఆ తెల్లటి నీళ్ళలో వేళ్ళు ముంచి, దోసిట్లోకి ఒంపుకుని మొహం కడుక్కున్నాడు. ఆ తర్వాత వేలు నాలిక మీద పెట్టుకున్నాడు.

దానయ్య గారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. "ఓరి నీ దుంపతెగ! రిక్షా పిలవండిరా!"

బాషా బల్ల వెనక అరలోంచి అసలు గ్లాసు తీసి చూపించాడు. తన చేతిలో ఉన్నది పాలు కలిపిన నీళ్ళు. దానయ్య గారు చాలాసేపు నవ్వారు. నవ్వడం అయ్యాక లేచి తలుపు వేసి వచ్చారు.

"ఇది నీకూ నాకూ మధ్యనే ఉండాలి బాషా. నీ పెళ్ళానికి కూడా తెలియకూడదు."

బయట బెంచీ మీద జయరావు హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతని పాట ఇంకా ఎవరూ వినలేదు. ఇక వినరు కూడా.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఏం చేశావురా లోపల?"

"ఏముంది, మాటలే."

జయరావు ఒక్క క్షణం తల దించుకున్నాడు. లేచి బాషాని కౌగలించుకున్నాడు. "పోన్లే. నీకొస్తే నాకొచ్చినట్టే," అన్నాడు. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ వానాకాలం నుంచి వ్యాను తిరగడం మొదలైంది. పర్చూరు, మార్టూరు, అద్దంకి రోడ్డు పల్లెలు. నల్లరేగడిలో చక్రాలు కూరుకుపోతే రైతులే వచ్చి నెట్టేవాళ్ళు. వ్యాను దానయ్య గారే నడిపేవారు. పొద్దు వాలి, కూలీలు చేలల్లోంచి వచ్చే వేళకి మైకు పెట్టేవారు. బాషా ముందు కోడిలా కూసేవాడు. పిల్లలొచ్చేవాళ్ళు. పిల్లల వెనక తల్లులు, చివరికి మీసాలు దువ్వుకుంటూ రైతులు. మిరపకి ముడత, పత్తికి కాయతొలిచే పురుగు, అందరి మొహాల్లోనూ అదే దిగులు. బాషా ఆ దిగులునే అనుకరించి నవ్వించేవాడు. అందరూ నవ్వుతున్నప్పుడు సీసా తీసేవాడు. అతను మొహం కడుక్కునేసరికి ఎక్కడో ఒక ఆడగొంతు "వామ్మో" అని అరిచేది. ఆ అరుపు తర్వాత వచ్చే నిశ్శబ్దం బాషాకి ఇష్టంగా ఉండేది. స్టేజి మీద ఎన్నడూ అతనికి దొరకని నిశ్శబ్దం అది. జనం దాన్ని పెద్ద నటులకే ఇచ్చేవాళ్ళు.

సీసాలు చెల్లిపోయేవి. "మందువ్యాను బాషా వచ్చాడు" అని పిల్లలు వ్యాను వెంట పరుగెత్తేవాళ్ళు.

జోహరాబీ ఫ్యాక్టరీ మానేసింది. వేళ్ళ నలుపు నెమ్మదిగా వదిలింది. ఒకనాడు చెరువు గట్టు మీద మొగుడి చొక్కా ఉతుకుతూ ఏదో వాసనొచ్చి చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంటికొచ్చి అడిగింది.

"ఆ మందు మొహానికి పూసుకుంటారంట గదా. ఏం కాదా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఊరంతా చెప్పుకుంటున్నారు. జీడినూనె, ఉత్త గింజనూనె, అది తగిలితేనే నా చర్మం లేచిపోయింది. పురుగుని చంపేది మనిషినేం చెయ్యదా?"

"పురుగు చిన్నది, మనిషి పెద్దవాడు," అన్నాడు బాషా. దానయ్య గారు రైతులకి చెప్పే మాట అది.

జోహరాబీ చొక్కా దండెం మీద వెయ్యకుండా బయట కంప మీద ఆరేసింది.

కార్తీకం వచ్చేసరికి బాషా కొన్ని చూడటం మొదలెట్టాడు. నాగలి వెంట నడిచే కొంగలు కొన్ని ఊళ్ళలో కనపడటం మానేశాయి. ఒకచోట కూలీలు మందు పంపులు కడిగిన కుంటలో చేపలు పొట్టలు పైకి తేలి ఉన్నాయి. పిల్లలు వాటిని ఏరుకుంటుంటే బాషా వ్యాను దిగి అరిచి తరిమాడు.

"ఏమయ్యా, నీకెందుకు?" అన్నారు దానయ్య గారు చిరాగ్గా.

"తింటారండీ వాళ్ళు."

"ముందు మొహం కడుక్కునేది నువ్వు. చేపలు తినొద్దనేదీ నువ్వే. ఏది నమ్మాలి వాళ్ళు?"

బాషా వ్యానెక్కాడు. 

జయరావు పల్లెకి వ్యాను వెళ్ళింది ఆ తర్వాతే. బాషాకి ముందు రోజే తెలుసు, ఆ ఊరు తప్పించమని అడుగుదామనుకున్నాడు. ఏం కారణం చెప్పాలో తోచలేదు. ఆట మొదలయ్యాక గుంపు చివర, కూలీల్లో జయరావు కనపడ్డాడు. ఎండకి నల్లబడ్డాడు. హార్మోనియం మెట్ల మీద నాట్యమాడిన వేళ్ళకి గోళ్ళ నిండా మట్టి. పక్కన అతని భార్య రెబ్కా, తలమీద గడ్డిమోపు దించకుండానే చూస్తోంది. స్నేహితుడు మైకు ముందు నిలబడ్డందుకు జయరావు మొహం వెలిగిపోతోంది. కోడికూతకి అందరికంటే ముందు అతనే చప్పట్లు కొట్టాడు.

బాషా మొహం కడుక్కున్నాడు. "వామ్మో" అన్న కేక వచ్చింది. నిశ్శబ్దం వచ్చింది. ఆ రోజు అది అతనికి చలిలా తగిలింది.

ఆట అయ్యాక జయరావు వ్యాను దగ్గరికొచ్చాడు. దానయ్య గారు అవతలి పక్క సీసాలు అమ్ముతున్నారు.

"అదరగొట్టావురా! మా ఆసామి కూడా మందు కొంటున్నాడు. పత్తికి కొట్టే పని నాకే ఇచ్చాడు. మామూలు కూలి మీద కాస్త ఎక్కువే ఇస్తానన్నాడు." గొంతు తగ్గించాడు. "కానీ మావాళ్ళు జంకుతున్నారు. ఒరేయ్, నిజంగా ఏమీ కాదా?"

వ్యానుకి అటుపక్క దానయ్య గారి మాట ఆగిపోయింది. ఆయన చెవి ఇటే ఉందని బాషాకి తెలిసింది. ఏజెన్సీ వసారాలో బెంచీలు, బెంచీల మీద మనుషులు, జోహరాబీ గరిటె చప్పుడు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"నా మొహం చూడు. ఏమైంది?" అన్నాడు.

జయరావు అతని మొహం చూశాడు. చూసి నవ్వాడు. "అదే మావాళ్ళకి చెప్తా," అని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి మార్టూరు సెంటర్లో టీ తాగుతుంటే, పక్క పల్లెలో మందు కొట్టే కూలీ ఒకడు చేలోనే పడిపోయాడని ఎవరో అన్నారు. నోట్లోంచి నురగ వచ్చిందట.

"ఎండదెబ్బ," అన్నారు దానయ్య గారు గ్లాసు కింద పెడుతూ.

అది చలికాలం. టీకొట్టు ముందు మనుషులు దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. ఏ పల్లె అని అడగడానికి బాషా నోరు తెరిచాడు. తెరిచి, టీ తాగాడు.

ఆ సాయంత్రం పర్చూరు రోడ్డు పక్క ఊళ్ళో ఆట పెట్టారు. జనం బాగా వచ్చారు. బాషా సీసా తీసేవేళకి గుంపు పక్కకి జరిగి దారిచ్చింది. రెబ్కా వస్తోంది. కాళ్ళ నిండా దుమ్ము, చాలా దూరం నడిచి వచ్చిన మనిషి. చేతిలో కొంగుతో పట్టుకున్న సీసా ఉంది. సగం ఖాళీ అయింది.

బల్ల ముందుకి వచ్చి ఆగింది. ఏడవడం లేదు.

"అన్నా, నీ స్నేయితుడు పోయాడు," అంది.

బాషా బల్ల అంచు పట్టుకున్నాడు.

"నువ్వు చేసినట్టే చేశాడన్నా. బకెట్లో పోసి చేత్తో కలిపాడు. మేమంతా భయపడతుంటే నవ్వించాడు. నీ లాగానే మొహం కడుక్కుని చూపించాడు. నువ్వు చెప్పిన మాటలే చెప్పాడు." సీసా బల్ల మీద పెట్టింది. "ఎండదెబ్బన్నారు మా ఆసామి. మందు వల్ల కాదన్నారు. నాకు తెలియాలి. ఇది ఆయన కలిపిన సీసా. ఇందులోది పోసి నువ్వు చెయ్యి. నీకేం కాకపోతే నేను ఎండదెబ్బే అనుకుంటా."

 దానయ్య గారు మైకు దగ్గరికి వచ్చారు. ఆయన గొంతు ఎప్పటిలా మెత్తగానే ఉంది.

"పాపం, కష్టంలో ఉన్న మనిషి. చేసి చూపించు బాషా. అనుమానం తీరిపోతుంది."

బాషా చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి. గ్లాసులో నీళ్ళు పోశాయి. రెబ్కా తెచ్చిన సీసా ఒంపాయి. నీళ్ళు తెల్లగా విరిశాయి. రుమాలు విదిలించాయి. నోరు ఏదో చమత్కారం అంది, ఎవరూ నవ్వలేదు. రుమాలు తీశాడు. చేతులు ముంచాడు, మొహం కడుక్కున్నాడు. ఆ పనిలో అతని వేళ్ళు ఎక్కడా తడబడలేదు. అంత బాగా అతను ఎప్పుడూ చెయ్యలేదు. ఆ సంగతి చేస్తుండగానే అతనికి తెలుస్తోంది. 

రెబ్కా చెయ్యి చాచి అతని తడి చెయ్యి పట్టుకుంది. ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. అలాగే ఉండిపోయింది.

"ఇది ఆ వాసన కాదు," అంది.

ఎవరితోనూ అనలేదు, తనలో తను అనుకున్నట్టే అంది. కానీ మైకు ఆ మాట పట్టుకుని ఊరంతటికీ వినిపించింది.

"ఆయన చొక్కా విప్పింది నేను. నోరు తుడిచింది నేను. పెట్టెలో పెట్టేదాకా ఆయన జుట్టులోంచి ఆ వాసన పోలా. నీ చెయ్యి పాలవాసన వస్తంది."

దానయ్య గారు మైకు తీగ లాగేశారు. "మతి చలించింది పాపం, పక్కకి తీసుకెళ్ళండమ్మా ఎవరైనా," అంటూ ఆమె భుజం పట్టుకోబోయారు. బాషా అడ్డం వచ్చాడు. బల్ల వెనక చెయ్యి పెట్టి, అరలోంచి అసలు గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు. రెండు గ్లాసులూ పక్కపక్కన, రెండూ ఒకే తెలుపు.

"పాలనీళ్ళమ్మా," అన్నాడు. "మొదట్నించీ పాలనీళ్ళే."

రెబ్కా అతని చెయ్యి వదిలేసింది. కొడుతుందనుకున్నాడు. కొట్టలేదు. తన సీసా తీసుకుని కొంగులో చుట్టుకుని, వచ్చిన దారినే నడిచిపోయింది. గుంపులోంచి ఒక రాయి వచ్చి వ్యాను అద్దానికి తగిలింది. దానయ్య గారు వ్యాను స్టార్టు చేశారు. బాషా ఎక్కలేదు. ఆయన ఎక్కమనలేదు కూడా. వ్యాను మలుపు తిరుగుతుంటే ఒక రైతు పక్కన పరుగెత్తుకుంటూ వెళ్ళి కిటికీలోకి చెయ్యి పెట్టడం బాషా చూశాడు. తిట్టడానికనుకున్నాడు. ఆ రైతు రెండు సీసాలతో వెనక్కొచ్చాడు.

"నా పత్తి పోతంది మరి," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

బాషా ఇంటికెళ్ళి జోహరాబీకి అంతా చెప్పాడు. ఆమె విని లోపలికెళ్ళి పడుకుంది. మర్నాడు ఫ్యాక్టరీలో పని అడగడానికి వెళ్ళింది. అతను జయరావు పల్లెకి వెళ్ళాడు. సమాధి దగ్గర కాసేపు నిలబడ్డాడు.  జయరావు మందు కొట్టిన చేను వైపు నడిచాడు. కూలీలు గట్టు మీద పంపులు భుజాలకి తగిలించుకుంటున్నారు. వాళ్ళ ముందు నేల మీద రెండు చెంబులు పెట్టి, కనికట్టు మొత్తం నిదానంగా, దాచకుండా చేసి చూపించాడు. ఎక్కడ మార్చాడో, ఎప్పుడు మార్చాడో వేలు పెట్టి చూపించాడు. మందు చేత్తో తాకొద్దని, గాలికి ఎదురుగా కొట్టొద్దని, కొట్టాక ఒళ్ళు కడుక్కోకుండా బీడీ కూడా ముట్టించొద్దని చెప్పాడు. కోడిలా కూయలేదు. ఒక్కరినీ నవ్వించలేదు.

వాళ్ళు చివరిదాకా విన్నారు. కోటిరత్నం అనే పెద్దావిడ అడిగింది.

"ఇయ్యన్నీ బాగున్నయ్యి బాబూ. ఇయాళ మందు కొట్టమంటే మేం కొట్టం అని చెప్తే, రేపు మాకు పనెవరిస్తారు?"

బాషా గట్టు మీద తుమ్మకంప నరికి, ముళ్ళు చెక్కి, బకెట్లో కలపడానికి పొడుగాటి కర్ర చేసి ఇచ్చాడు. అతను చెయ్యగలిగింది అదే. రెబ్కా ఆ కర్ర అందుకుంది. ఆమె కూడా ఆ రోజు కూలికి వచ్చింది. జయరావు చేసిన పనే ఆసామి ఆమెకి ఇచ్చాడు. బాషా వైపు చూడకుండా మందు కలిపింది. కొంగు చించి ముక్కుకి కట్టుకుని, మిగతావాళ్ళకి కూడా తలా ఒక పేలిక చించి ఇచ్చింది.

వాళ్ళు వరసగా పత్తిలోకి దిగారు. ఆకుల మీద తెల్లటి పొగలా మందు లేచింది. కాసేపటికి గాలి వాళ్ళ మొహాల మీదికి తిరిగింది. బాషా గట్టు మీంచి అరిచాడు, "ఇటు తిరగండి! ఇటు!" పంపుల చప్పుడులో అతని కేక వాళ్ళకి వినపడలేదు. చెప్పులు వదిలేసి, అరుచుకుంటూ చేలోకి పరుగెత్తాడు.